పిట్ట ముట్టని పెనం

రాజనర్సు చేతి వంటకు వంక పెట్టినవాళ్లను నేను బహ్రెయిన్‌లో చూడలేదు. ఇది మనుషుల సంగతి. కాకుల సంగతి వేరు. మేముండే జల్లాఖ్ ఊరి కాకులు కొన్ని నెలల పాటు అతని చేతి ముద్ద ముట్టలేదు. బాత్‌రూం కిటికీలోంచి సబ్బుబిళ్ల ఎత్తుకుపోయే కాకులవి, జాలర్ల బుట్టల్లో ముక్కులు పెట్టే కాకులవి. అవి నేతిలో వేయించిన మేకమాంసాన్ని తల పక్కకు వంచి చూసి ఎగిరిపోయేవి. ఇట్లాంటివి నమ్మే మనిషిని కాను నేను. కానీ కళ్లారా చూసినదాన్ని లేదనలేను కదా.

నా పేరు యూనుస్, మాది కోరుట్ల. తొంభై ఆరులో నేనూ రాజనర్సూ జల్లాఖ్‌లో ఒక డెన్మార్క్ జంట ఇంట్లో పనిచేసేవాళ్లం. నేను డ్రైవర్ని, అతను వంటమనిషి. సాహెబు మీనా సల్మాన్ రేవులో ఓడలు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆయన్ని పొద్దున దింపి సాయంత్రం తేవడం నా డ్యూటీ. ఆయన భార్య కిర్‌స్టెన్ మేడం ఇంటిపట్టునే ఉండేది. ఇంటి వెనక మా ఇద్దరికీ కలిపి ఒక గది. ఆ గదికీ వంటింటి వెనక గుమ్మానికీ మధ్య పట్టుమని పది అడుగులు కూడా ఉండవు. ఆ గుమ్మంలో ఏం జరిగినా నాకు తెలియకుండా జరగదు.

రాజనర్సు మెట్‌పల్లి దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. మొదట సిమెంటు బస్తాలు మోశాడు. కూలీల క్యాంపులో వంటవాడు జబ్బుపడి మంచమెక్కితే, ఎవరో ఒకరు గరిటె పట్టాలి కదా అని ఇతను పట్టాడు. ఆ పప్పు తిన్నాక అతనికి మళ్లీ బస్తా అందివ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఒకసారి క్యాంపు చూడ్డానికి వచ్చిన మా సాహెబు అక్కడే భోంచేసి, కంపెనీతో మాట్లాడి అతన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఊళ్లో రాజనర్సు భార్య గౌరవ్వ ఉండేది. పిల్లల్లేరు. ఆమె బీడీలు చుట్టుకుంటూ అతని సెలవుల కోసం ఎదురుచూసేది. సెలవుకు పోయిన ప్రతిసారీ "నన్ను గూడ ఒకసారి దుబాయి తోల్కపో" అని అడిగేదట. మా వైపు వాళ్లకు బహ్రెయిన్ అయినా, మస్కట్ అయినా అంతా దుబాయే. ఇతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం పెద్ద భోజనం. గొర్రె తొడను ఓవెన్‌లో కాల్చేవారు, ఆలుగడ్డలు పొట్టుతోనే ఉడకబెట్టేవారు. వాళ్ల దేశంలో పందినీ ఎద్దునూ కూడా వండుతారట. పంది నాకు పనికిరాదు, ఎద్దు రాజనర్సుకు పనికిరాదు. అందుకే మేడం గొర్రెతోనే సరిపెట్టింది. పనివాళ్ల పట్టింపులు చూసి తన తిండి మార్చుకున్న దొరసానిని నేను మళ్లీ చూడలేదు.

శుక్రవారం మిగిలింది శనివారం పెనం ఎక్కేది. దాన్ని బిక్సెమాడ్ అంటారు. మొదటిసారి మేడం ఫ్రిజ్‌లోంచి చల్లటి ఆలుగడ్డలూ, గట్టిపడ్డ మాంసమూ తీసి బల్ల మీద పెడితే రాజనర్సు నా వైపు తిరిగి, "ఇంత ఉన్నోళ్లు గూడ సద్దికూడు తింటరా యూనుస్ భాయ్?" అన్నాడు. మేడం అడిగితే నేను ఆ మాటను కాస్త మర్యాదగా ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వి చెయ్యి పట్టి నేర్పింది. ఉల్లిగడ్డ వెన్నలో సన్నటి సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా వేగాలి. దాన్ని తీసి పక్కన పెట్టాలి. అదే పెనంలో పాచికలంత ముక్కలుగా కోసిన నిన్నటి ఆలుగడ్డలు పరిచి, మాడు కట్టేదాకా గరిటె పెట్టకూడదు. "దాన్ని కదపకు. దాని మానాన దాన్ని ఉండనివ్వు" అని మేడం రాజనర్సు మణికట్టు పట్టుకుని ఆపేది. తర్వాత మాంసం ముక్కలు, చివర్న ఉల్లిగడ్డ, ఉప్పు, మిరియాలు, ఒక నల్లటి పులుసు నాలుగు చుక్కలు. పైన సొన కదిలే గుడ్డు, పక్కన సిర్కాలో, అంటే వెనిగర్‌లో, ఊరిన ఎర్రటి బీట్‌రూట్. నాలుగు శనివారాలు తిరిగేసరికి మేడం కంటే ఇతనే బాగా చేస్తున్నాడని సాహెబు ఆమె ముందే అన్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు.

ఎండలు మొదలయ్యే రోజుల్లో గౌరవ్వ పోయింది. జ్వరం వచ్చింది, కరీంనగర్ తీసుకెళ్లేలోపే అయిపోయింది. మనామాలోని హూరాలో మావాళ్లుండే బిల్డింగు కింద దుకాణానికి ఫోనొచ్చింది. ఆ కబురు నేనే మోసుకొచ్చాను. రాజనర్సు పాస్‌పోర్టు అప్పుడు కొత్తది కావడానికి ఎంబసీలో ఉంది. మేడం టికెట్టు కొంటానంది కానీ, పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా విమానం ఎక్కించేదెవరు? ఆ సాయంత్రానికే అక్కడ దహనం కూడా అయిపోయింది. ఇతను ఏడవలేదు. ఆ రాత్రి సాహెబు వాళ్ల భోజనానికి తనే చేపలు వేయించాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్ల ఊరి కిషన్ సెలవు ముగించుకుని తిరిగొచ్చాడు. ఒక శుక్రవారం సాయంత్రం మేమిద్దరం హూరాలో అతని గదికి వెళ్లాం. కిషన్ ఊరి నుంచి తెచ్చిన సకినాలు ముందుపెట్టి, రాజనర్సు ముఖం చూడకుండా గ్లాసుల్లో చాయ్ పోశాడు.

"చెప్పురా" అన్నాడు రాజనర్సు.

"పిట్ట ముట్టలేదన్నా."

రాజనర్సు చేతిలోని సకినం మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

ఈ తంతు నేను చిన్నప్పటి నుంచి ఇరుగుపొరుగు ఇళ్లల్లో చూసిందే. చావు జరిగిన మూడో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే కోరికేదో మిగిలి ఇంకా ఇక్కడే తిరుగుతున్నట్టు. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి చేతులు జోడించి, నీ మనసులో ఇది ఉందా, అది ఉందా అని అడిగి మాటిస్తారు. సరైన మాట తగలగానే కాకి దిగుతుంది. మా ఇళ్లల్లో ఫాతెహా ఇస్తాం, కాకితో పనిలేదు. అయినా పక్కింట్లో పిట్ట ముట్టకపోతే మా అమ్మకు కూడా ఆ పూట ముద్ద దిగేది కాదు.

"మ్యాకకూర పెట్టినం, గారెలు పెట్టినం, కల్లు పెట్టినం" అన్నాడు కిషన్. "పిట్టలు గోడ మీద కూసున్నయి గని దిగలేదు. బిడ్డల్లేరని రంది పెట్టుకున్నవా అన్నది మీ అక్క అంజవ్వ. దిగలే. నీ మొగన్ని మేం అరుసుకుంటమన్నరు. దిగలే. పదో దినం గూడ గంతే. ఆఖరికి ఆవుకు పెట్టి ఇంటికొచ్చినం. అంజవ్వ నీకు చెప్పుమన్నది. దాని పాణం దేని మీద ఉన్నదో కట్టుకున్నోనికే ఎరుక, అక్కడ్నుంచైనా వాన్నే పెట్టుమను, లేకుంటే అది గట్లనే తిరుగుతదన్నది."

తిరిగొచ్చేటప్పుడు కారులో రాజనర్సు ఒక్కటే మాట అన్నాడు. "దానికేమిష్టమో నాకు తెల్వది యూనుస్ భాయ్." క్యాంపంతటికీ, దొరలకూ నాలుక తెలిసి వండినవాడు అతను. పెళ్లాం ఏది కోరి తింటుందో తెలియదు. నాకు చాలా జాలేసింది.

ఆ తెల్లవారి నుంచి మొదలైంది. డ్యూటీకి ముందే లేచి, స్నానం చేసి, ఒక్కో రోజు ఒక్కోటి వండి వెనక గోడ మీద పళ్లెం పెట్టేవాడు. సర్వపిండి, బూరెలు, పచ్చిపులుసు, ఎండుచేపలు, సేమ్యా పాయసం. జల్లాఖ్‌లో జాలర్లు చేపలు దింపే చోటు మాకు దగ్గరే, కాకులకు కొదవలేదు. అవి వచ్చేవి, వరసగా కూర్చునేవి, చూసేవి. పళ్లెం ఎండకు ఎండిపోయేది. "కారం తగ్గించు, ఇక్కడి కాకులకు అలవాటు లేదు" అని నేను ఎగతాళి చేశాను. మర్నాడు కారం తగ్గించాడు. అయినా ముట్టలేదు. ఆ తర్వాత నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

వంటింట్లో కూడా ఏదో తేడా వచ్చింది. గడియ పెట్టిన వెనక తలుపు పొద్దున తీసి ఉండేది. గుమ్మం దగ్గర తునికాకు వాసన వచ్చేది. బీడీలు చుట్టే ఇళ్లల్లో పెరిగినవాడికి ఆ వాసన పొరపడడానికి లేదు. చాటుగా తాగుతున్నావా అని రాజనర్సును నిలదీశాను. అతనికీ నాకూ ఆ అలవాటు లేదని ఇద్దరికీ తెలుసు. ఒక శనివారం సాయంత్రం అడుగంటిన పెనంలో నీళ్లు పోసి నానబెట్టాడు. ఆదివారం లేచి చూస్తే నీళ్లు పక్కన గిన్నెలో ఉన్నాయి, పెనం అడుగు గీకి గీకి శుభ్రంగా ఉంది. మేడం మెచ్చుకుంది. రాజనర్సు దాన్ని తోమలేదు. నేనూ తోమలేదు. ఆ రోజంతా భయం పోవడానికి ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ బండి నడిపాను.

ఒక మధ్యాహ్నం నేను కూరగాయలు దింపుతుంటే మేడం వచ్చి, "రాజనర్సు చెల్లెలు వచ్చిందా?" అని అడిగింది.

"ఎవరూ రాలేదు మేడం."

"వెనక గుమ్మంలో ఒకామె కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర. పెనం ఒళ్లో పెట్టుకుని, అడుగు వేళ్లతో గీరుకుంటూ తింటోంది. నన్ను చూసి నవ్వింది. నీళ్లు తెచ్చేలోపు లేదు. ఎవరైనా వస్తే దాచక్కర్లేదని చెప్పు, నేనేమీ అనను."

నేను ఈ మాటలు తెలుగులో చెప్పేసరికి రాజనర్సు కత్తిపీట పక్కన పెట్టి నేల మీద చతికిలబడ్డాడు. "ఆకుపచ్చ చీర నేనే తీసుకపోయిన, మనామా బజార్ల కొని. కట్టకుంట దాసుకున్నది. దాంట్లనే దాన్ని సాగదోలిన్రని కిషన్ చెప్పిండు" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "టికెట్ లేకుంట అదే వచ్చింది" అన్నాడు.

ఆ సాయంత్రం గది ముందు కూర్చుని మిగతాది చెప్పాడు. గౌరవ్వ అందరూ తిన్నాకే తినేది. రాత్రి మిగిలిన కూర మూకుట్లో గట్టిపడి ఉంటే, పొద్దున దాంట్లో ఉల్లిగడ్డ కోసి, జొన్నరొట్టె తుంపి వేసి, మాడేదాకా కాల్చేది. పళ్లెంలో పెట్టుకునేది కాదు. వెనక గుమ్మంలో కూర్చుని మూకుడు ఒళ్లో పెట్టుకుని గీరుకు తినేది. ఒక సెలవులో ఇతను అది చూశాడు. వండిన గిన్నెలో తింటే ఇంటికి దరిద్రమని మా పల్లెల్లో పెద్దలనే మాట.

"దుబాయి పోయొచ్చినోని పెండ్లామువు, గిన్నె నాకుతవా అని తిట్టిన. అది నవ్వింది. ఒక్క బుక్క తినిచూడు, తెలుస్తదని నా నోటికాడికి తెచ్చింది. నేను చెయ్యి తోసేసిన. బుక్క కింద పడ్డది. దాన్నిగూడ ఏరుకొని ఊదుకొని తిన్నది." అతను మొదటిసారి ఏడ్చాడు. నేను భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అంతకంటే చేతనైంది లేదు.

ఇప్పుడు ఏం వండాలో అతనికి తెలిసింది. ఈ దేశంలో దానికి దగ్గరగా ఉన్నది, అతని చెయ్యి బాగా తిరిగింది మేడం పెనమే. కానీ ఇక్కడే మావాడు తప్పులో కాలేశాడు. పిట్టకు పెట్టేది మడిగా, అప్పటికప్పుడు వండిందై ఉండాలి. సద్దిదీ ఎంగిలిదీ పోయినవాళ్లకు పెడితే పాపం. అందుకని తెల్లవారుజామునే కొత్త ఆలుగడ్డలు ఉడకబెట్టి, కొత్త మాంసం వండి, వేడివేడిగా కోసి పెనంలో వేశాడు. ఆలుగడ్డ ఉడుకు మీద పెనాన్ని అంటుకుంది. తిప్పితే చితికింది. మాంసం నీరు వదిలింది. చివరికి తయారైంది పసిపిల్లలకు పెట్టే ముద్ద. అదే గోడ మీద పెట్టి చేతులు జోడించాడు. కాకులు చూసి వెళ్లిపోయాయి.

మేడం వచ్చి పెనం చూసి నోరు నొక్కుకుంది. "నీ చేతుల్లో ఇట్లా అయ్యిందా? ఎందుకు?" అంది. అప్పుడు నేను అంతా విడమరిచి చెప్పాను. గౌరవ్వ సంగతీ, కాకుల సంగతీ, ఆకుపచ్చ చీర సంగతీ. ఆమె వింటూ వింటూ గుమ్మం వైపు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. భయపడిందనుకున్నాను. కానీ ఆమె అడిగింది వంట గురించే.

"కొత్త ఆలుగడ్డలు ఎందుకు వాడావు? నిన్నటివి లేకుండా ఇది రాదు. ఒక పూట తిని, మిగిల్చి, చల్లారనివ్వాలి. ఆ తర్వాతే ఇది."

"ఎంగిలి గద మేడం. సచ్చినోళ్లకు ఎంగిలి ఎట్ల పెట్టాలె?" అన్నాడు రాజనర్సు. నేను ఇంగ్లీషు చేశాను.

మేడం పెనంలోని ముద్దను గరిటెతో పక్కకు తీసింది. "ఆమె ఎప్పుడైనా వేరేది తిన్నదా?" అని అడిగింది.

ఆ మాటను తెలుగు చేయడానికి నాకు నోరు రాలేదు. చేయక్కర్లేకపోయింది కూడా. ఆ పాటి ఇంగ్లీషు రాజనర్సుకు వచ్చు.

శుక్రవారం అందరం తిన్నాం. సాహెబు తిన్నాక, మేడం తిన్నాక, మేమిద్దరం తిన్నాక మిగిలింది అతను మూతపెట్టి దాచాడు. శనివారం సాహెబును దింపి వచ్చి నేను వెనకాల బండి కడుగుతున్నాను. వంటింట్లోంచి ఉల్లిగడ్డ వెన్నలో వేగే వాసన, తర్వాత ఆలుగడ్డ మాడు వాసన వచ్చాయి. రాజనర్సు పెనం పట్టుకుని బయటికొచ్చాడు. గోడ దగ్గరికి పోలేదు. పళ్లెం తేలేదు. వెనక గుమ్మంలో కూర్చుని పెనం ఒళ్లో పెట్టుకున్నాడు, కింద గుడ్డ వేసుకుని. వేళ్లతో అడుగు గీరి, ఒక బుక్క తీసి, ఊదుకుని తన నోట్లో పెట్టుకున్నాడు. ముందు తాను ఎంగిలి చేశాడు. మా ఊళ్లో ఎవరైనా చూస్తే కొట్టేవారు.

నెమ్మదిగా నమిలాడు. "తిన్న గౌరవ్వా" అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజం. ఇగ నువ్వు తిను." పెనం పక్కన గడప మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గోడ మీది కాకి ఒకటి దిగింది. ఆగలేదు, చుట్టూ చూడలేదు. నడుచుకుంటూ అతని మోకాలి పక్కకు వచ్చి, మాడు కట్టిన ఆలుగడ్డ ముక్క ముక్కున పట్టుకుని అక్కడే తిన్నది. ఇంకో ముక్క తిన్నది. తర్వాత అన్నీ దిగాయి. నా చేతిలో పైపు నీళ్లు నా చెప్పుల మీదే పారుతున్నాయి. వంటింటి కిటికీలో మేడం కళ్లు తుడుచుకుంటోంది.

"ఖలాస్ నర్సన్నా, నీ బరువు దిగింది" అన్నాను. అతను తలూపి లోపలికి వెళ్లి పెనం తోమాడు.

నిజంగానే ఖలాస్ అయింది. వెనక తలుపు వేస్తే వేసినట్టే ఉంది. తునికాకు వాసన పోయి వంటింట్లో ఫినాయిల్ వాసన మిగిలింది. నానబెట్టిన గిన్నెలు నానుతూనే ఉన్నాయి. నాకు ప్రాణం హాయిగా ఉంది. హూరా వెళ్లి కిషన్‌కు చెప్పాను, ఊరికి ఫోన్ చేయించాను, అంజవ్వ మొక్కులు చెల్లించిందట. రాజనర్సు మాత్రం ఆ వారమంతా ప్రతి చప్పుడుకూ గుమ్మం వైపు తిరిగాడు. తిరిగి చూసి మళ్లీ పనిలో పడేవాడు. మేడం అడిగితే తలనొప్పి అన్నాడు.

మరుసటి శనివారం నేను బండి నిలిపేసరికి వెనక గోలగోలగా ఉంది. గోడ నిండా కాకులు. రుచి మరిగాయి కదా, ఊరందరినీ పిలుచుకొచ్చినట్టున్నాయి. రాజనర్సు వేడి పెనాన్ని గడప మీద పెట్టి, మూత మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో చీపురు ఝళిపిస్తున్నాడు. ఒకటి దిగబోతే చీపురు విసిరేసి, మళ్లీ పరుగెత్తి తెచ్చుకుంటున్నాడు. చెమటలు కారిపోతున్నాయి.

"ఏం పని ఇది? నెలలకొద్దీ ముట్టుండ్రి ముట్టుండ్రి అని కాకుల కాళ్లు మొక్కినవు గద" అన్నాను.

"బతికున్నన్ని దినాలు అది నాతోని ఉన్నది సెలవులల్లనే యూనుస్ భాయ్" అన్నాడు, నా వైపు చూడకుండా, గోడ మీదే కళ్లు పెట్టి. "సచ్చినంకనే నాతోని కాపురం చేసింది, ఈడ, ఈ గుమ్మంల. కడుపుల ఆకలితోని ఉన్నా ఉన్నది గద. నేనే తినిపిచ్చి తోలిన." ఒక కాకి రెక్కలు విప్పింది. అతను చీపురు ఎత్తాడు. "ఇయ్యాల్టి నుంచి వీటిని ముట్టనియ్య. ముట్టకుంటే అది మల్ల వస్తదేమో."

నేను ఇట్లాంటివి నమ్మే మనిషిని కానని ముందే చెప్పాను. బండి తాళాలు జేబులో వేసుకుని, ఆ గోలకు ఇంకో చీపురుతో బయటికొచ్చిన మేడం చేతిలోంచి దాన్ని అందుకుని, వెళ్లి అతనికి అటు పక్క నిలబడ్డాను.